అతుకు

లారీ దాన్ని దించిన పొద్దు
దమ్మాం తుక్కు యార్డుల ఇసుకగాలి.
తొంభై ఒకటి, మార్చి.
లడాయి అయిపోయిందని రేడియో చెప్పి పదిరోజులు.
మిలిటరోళ్లు చూసుడయ్యి, ఫోటోలు తీసుడయ్యి
మా సేటు చేతికొచ్చింది క్షిపణి.
నాకది నాలుగు ముక్కల గొట్టం,
కిలో ఇంత అని కాంటా ఎక్కే ఇనుము.
గ్యాస్ కట్టర్‌కు అన్నీ ఒక్కటే,
పాత బాయిలరు, కాలిన బస్సు,
రాత్రి మా క్యాంపు మీంచి పోయిన చావు.

అడుగున ఆసిడ్ మిగిలి ఉండె.
టార్చి ముట్టియ్యకముందే ఎర్రటి పొగ లేచింది.
రెండు ట్యాంకర్ల నీళ్లు కొట్టినం.
మెట్‌పల్లి నర్సింలు మూడు దినాలు దగ్గిండు.

సైరన్ మోగిన రాత్రులు
సాబులకు మాస్కులు,
మాకు తడి తువ్వాలలు.
పాస్‌పోర్టులు మాత్రం బీరువాల భద్రం.
ఒకనాడు రాజవ్వకు క్యాసెట్‌ల మాటలు నింపుతుంటే
సైరన్ గూడ నిండింది.
"అది కంపెనీ షిఫ్టు కూత" అన్న.
అబద్ధమాడితే అతికినట్టుండాలంటరు గద,
అతుకుడే బతుకైనోనికి
అదెంత పని?

ఆ వారంల
పాత పైపుల అతుకులు చూడ జుబైల్ నుంచి వచ్చిండు
బోగుమిల్ సాబు, పోలెండాయన,
అరవై దాటిన ముసలోడు.
వెల్డింగును కండ్లతోని కాదు
బొటనవేలుతోని చదువుతడు.
గొట్టం కాడ ఆగిండు.
చానాసేపు ఆగిండు.
"దీని తాతను నేనెరుగుదు" అన్నడు.

సగం అరబ్బీ, సగం హిందీ, మిగిలింది చేతులు.

పందొమ్మిదేండ్లప్పుడు
జర్మనోళ్లు కొండ కడుపు తొలిచి పెట్టిన కార్ఖానాల
చారల అంగీ తొడిగి నిలబెట్టిన్రట.
తిన్నది దుమ్ము, పీల్చింది దుమ్ము.
ఒక్క రాకెట్ లేవాలంటే
ముప్పై టన్నుల ఆలుగడ్డలు సారా కావాలట.
"మేము తొక్కు కోసం కొట్లాడుకున్నం" అన్నడు.

అది సప్పుడు కన్న ముందు ఉరుకుతది.
ముందు పిడుగు, ఎనుక ఉరుము.
ఉరుము విన్నవంటే నువ్వు బతికినట్టు.

పైకి నున్నగ, లోపల బోలుగ
అతుకులు చెడగొట్టేటోళ్లట.
పట్టుబడ్డోళ్లను క్రేనుకు కట్టి లేపితే
ఆ కాళ్ల కింది నుంచే
తెల్లారి పనిలకు నడిచేటోళ్లట.

"ఎన్ని చెడగొట్టినవ్ సాబ్?"
"పదకొండు."
నీళ్లు తాగిండు. మూత పెట్టిండు.
"పన్నెండోది మంచిగ పెట్టిన.
ఆ పొద్దు భయమైంది."
అదెక్కడ పడ్డదో ఆయనకు ఎవ్వలూ చెప్పలే.

బొటనవేలు గొట్టం మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచింది.
జేబుల సుద్దముక్క తీసిండు.
అడ్డంగ ఒక గీత, నిలువుగ ఒక గీత,
పక్కన రిజెక్ట్ అని రాసి
తారీఖు వేసి సంతకం పెట్టిండు.
ఎనుకకు చూడకుంట
మా పైపుల దిక్కు పోయిండు.

తర్వాత నేను కోసిన.
నిజం చెప్పాలె,
ఆ అతుకు మంచిగనే ఉండె.
ఎక్కడి కార్ఖానాలనో, నా అసొంటోడే ఒకడు,
ఒళ్లు దగ్గర పెట్టుకొని
ఊపిరి బిగబట్టి గుంజిన గీత.
వానికి గూడ ఆ పొద్దు భయమయ్యిందేమో.
సుద్ద మంటల ముందు తెల్లగ మెరిసింది,
తర్వాత గీత లేదు, ఇనుము రెండు ముక్కలు.
కాంటా చిట్టి మీద బరువు రాసిన్రు.
సంతకం రాయలే.

మే నెలల రాజవ్వ క్యాసెట్ వచ్చింది.
బీడీలు చుట్టుకుంట మాట్లాడింది,
ఆకు మీద కత్తెర సప్పుడు నడుమ నడుమ.
బర్రె ఈనిందట, బోరు ఎండిందట.
ఆఖరికి, కత్తెర ఆపి,
"గా షిఫ్టు కూత మల్ల మల్ల విన్న.
కూత రాకముందే
నీ గొంతు ఎందుకు ఆగింది?"