ఇసుక అరక

హుఫూఫ్ దాటినంక ముప్పై కిలోమీటర్ల కాడ
పట్టాలు రెండూ ఇసుకలకు దిగుతయి,
కొంచెం దూరం పోయి మళ్ల తేల్తయి
మడుగుల పన్న ఎనుము వీపులెక్క.
రాత్రి పదకొండుకు సిమెంటు బండి పోతది.
పొద్దుగాల నాలుగున్నరకు మనుషుల బండి వస్తది.
నడుమ రాత్రంత మాది.
నాది, ఓదెలుది, సూడాన్ డ్రైవర్ ఇద్రీస్‌ది,
ఇగ దానిది.

చూస్తే ఇంజనని ఎవరూ అనరు.
ముక్కు కోసేసిన్రు.
ముక్కున్న జాగల రెండు రెక్కల ఇనుప కర్రు.
నడుముకు ఒక పెద్ద ఫ్యాను, తిరిగితే పండ్లు జలదరిస్తయి.
అద్దాలకు జాలీ, గాలి పీల్చే తూటుకు మూడు పొరల జల్లెడ.
హారన్ ఒక్కటే పాతది.
స్టేషన్లల్ల జనాన్ని లేపిన గొంతు
ఇప్పుడు పట్టాల మీద పన్న ఒంటెలను లేపుతది.

ఫోర్‌మన్ రోమెల్ దాన్ని మెషిన్ అంటడు.
ఇద్రీస్ హాజ్జా అంటడు, ఇంట్ల పెద్దమ్మను పిల్చినట్టు.
ఓదెలు మొదటి దినమే తేల్చిండు:
"అరకరా ఇది.
మలుపుకాడ ఎడ్లను అదిలించే పని లేదు.
విత్తేది లేదు, వాన కోసం మొగులు దిక్కు చూసేది లేదు.
దున్నిన సాలు తెల్లారి పూడుతది, అంతే.
ఇత్తునాలకు అప్పు తెచ్చే బాధ తప్పింది గద!"
నవ్వుతడు. నవ్వితే పంటికింద ఇసుక కరకరమంటది.

ఆగస్టుల ఒక రాత్రి కర్రు పగిలింది.
కిందికి దూరి గ్రైండర్ పెట్టిన.
పసుపు రంగు లేసింది. దాని కింద ఆకుపచ్చ,
దాని కింద ఎరుపు,
ఎరుపు కింద బొడిపెలుగ పోసిన పాత నంబరు.
రోమెల్ ఫోన్ లైటుతోని రిజిస్టర్ తిప్పి
ఆ నంబరు మీద వేలు పెట్టిండు.
కాయితంల ఇది ఇప్పటికీ ప్రయాణికుల ఇంజనే.
కోసిన సంగతి, అతికిన సంగతి
ఎవరూ రాయలే.

నా చెయ్యి దానంతటదే జేబుకు పోయింది.
అకామాల నా పని గొర్ల కాపరి.
పదకొండేండ్లల్ల
నేను ఒక్క గొర్రెను ముట్టలే.

ఎవరికీ ఏం చెప్పలే.
సెవెంటీ-ఎయిటీన్ రాడ్లు తొమ్మిది కాలినయి.
చివరి అతుకు ఎర్రగ ఉండంగనే
ఇద్రీస్ దాన్ని మెల్లగ పక్క లైనుకు తీస్కపోయిండు,
బాలింతను నడిపిచ్చినట్టు.

నాలుగు ముప్పై రెండుకు మనుషుల బండి వచ్చింది.
అద్దాల ఎనుక నిద్రపోయే తలలు,
ఒక కిటికీకి ఆనిచ్చిన పాదం.
వేగం తగ్గలే.
డ్రైవర్ మా దిక్కు చూడను కూడ చూడలే.
గదే మా హాజరు.

బండి ఎనుకనే ఇసుక మళ్ల కదిలింది,
ఒక్కొక్క గింజ పట్టా ఎక్కి
అవతలికి దుంకుతాంది.
ఓదెలు ఫ్లాస్కు మూత ఊది చాయ పోసి
నా దిక్కు జరిపిండు.
అతుకు ఇంకా చల్లారలే.
చెవి పెడితే టిక్కు టిక్కుమంటాంది.