మంచు పడని చోటు

నువ్వు పోయిన పదకొండో రోజున
పోలీసులొచ్చి పొయ్యిలో బూడిద కూడా జల్లెడ పట్టారు.
"ఎక్కడ పాతాడు?" అన్నారు.
ఎక్కడ పాతారు అనా అడుగుతున్నారు, అన్నాను.
కొండవాలున, వాళ్ళ నాన్న పక్కన.
వాళ్ళలో కుర్రాడొకడు టోపీ తీశాడు.
మిగతావాళ్ళు కోడిని పట్టుకుపోయారు.

నిజంగానే నాకు తెలీదు.
పద్దెనిమిదేళ్ళ కాపురంలో అన్నీ చెప్పావు,
అప్పులు, కలలు,
సరస్సు అవతలి ఒడ్డున మొజాంబిక్ మనిషితో
నువ్వు ఓడిన పేకాట,
గంజాయి పాతే చోటొక్కటి తప్ప.
"తెలియనిదాన్ని కొట్టి చెప్పించలేరు" అనేవాడివి.
అది కూడా ఒక ముద్దేనని
నాకు అర్థమయ్యేసరికి నీకు జ్వరం ముదిరింది.

న్ఖోటకోట రోడ్డు మీద కంపెనీవాళ్ళకి
కంచె ఉంది, కాగితం ఉంది,
ఆకు ఆరబెట్టడానికి గాలి ఊదే గది ఉంది.
అదే మొక్క.
మనకి మక్కపొత్తి రేకులూ, చెట్టునారా.

పాతేదాకా జరిగేదంతా నేను చూసిందే.
నీడన వాడేసిన పూత,
వేళ్ళకి బంకలా పట్టే పూత,
రేకుల్లో పెట్టి చుట్టేవాడివి.
పసిబిడ్డని చుట్టినట్టు కాదు,
దొంగని కట్టినట్టు.
నార ఒక కొస చేత్తో, ఒక కొస పళ్ళతో
లాగి లాగి బిగించేవాడివి.
పైన రెండు పళ్ళు లేవు నీకు.
ఆ సందులోంచి నార జారినప్పుడల్లా
ఒక బూతు.
నేను లెక్కపెట్టేదాన్ని:
పొత్తికి నాలుగు బూతులు.

తర్వాత మట్టి.
మట్టిలో అది మాగుతుంది.
నాచిసాలే అత్త చెప్పేది కదా,
పచ్చిది నెత్తి మీద మొడుతుంది,
మాగింది భుజం మీద చెయ్యేస్తుంది, అని.

మే నెల గడిచింది. చలి కొండ దిగింది.
ఎరువుల అప్పు కోసం బ్వనాలి రెండుసార్లొచ్చి
మంచినీళ్ళు తాగి, ఏమీ అడక్కుండా వెళ్ళాడు.
ఎక్కడని తవ్వను?
వేరుశెనగ చేనా, మేకల దొడ్డా,
నువ్వు కూచుని ఉత్తినే ఈల వేసే పుట్ట పక్కనా?
మూడూ తవ్వాను.
పుట్ట దగ్గర నీ పాత చెప్పు దొరికింది.
ఒకటే.

ఒక తెల్లవారుజామున లిమబని
ఒంటేలుకి లేచి కేకేశాడు:
"అమ్మా, ఇక్కడ కాళ్ళు జివ్వుమనట్లేదే!"
దొడ్డి గోడ వెనక, గుమ్మడితీగ ఎండిన చోట,
గడ్డంతా మంచుకి తెల్లబడి ఉంది
చాపంత మేర తప్ప.
అరచెయ్యి ఆనించాను.
నలభై రోజులుగా నువ్వు చల్లబడి,
నువ్వు పాతింది చల్లబడక.

గడ్డపార పక్కన పెట్టి వేళ్ళతో తోడాను.
పదమూడు పొత్తులు.
రేకులు టీ రంగుకి తిరిగాయి.
వాసన? ఎండు అత్తిపండు, చెరకుపిప్పి,
తడిసిన గోనెసంచి,
బెల్లం కుండ అడుగున మిగిలే నలుపు.
ముడి విప్పబోయి ఆగాను.
నార మీద పంటిగాట్లు.
రెండు గాట్లు, ఖాళీ, మళ్ళీ రెండు.
పిల్లాడు వేలు పెట్టి చూసి "నాన్న పన్ను" అన్నాడు.
లేని పన్ను, అన్నాను.

బ్వనాలి ఒక పొత్తిని ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు మాట్లాడలేదు.
బేరం కూడా సరిగ్గా ఆడలేదు పాపం.
"ఇవి మసౌకో ముళ్ళే" అన్నాడు.
పన్నెండింటికి డబ్బు లెక్కపెట్టి,
ఒకటి గుర్తుగా ఉంచుకోమన్నాడు.
నాకు పొగ పడదు.
పిల్లాడికి బడి చెప్పులు లేవు.
అదీ అమ్మేశాను.

"వచ్చే పంటకి నువ్వు కడతావా?"
పోతూ పోతూ గుమ్మంలో అడిగాడు.
నిన్న రాత్రి కట్టి చూశాను,
లోపల ఉత్త గడ్డి పెట్టి.
నా పళ్ళన్నీ ఉన్నాయి. నార జారడం లేదు.
ముడి పడుతోంది గానీ
బూతు ఎక్కడ తిట్టాలో
తెలీడం లేదు.