తాళం తీసిన మోడెం

పోయిన చలికాలం జరీఫ్మో టీచరు
ఒక మోడెం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
బొటనవేలంత ఉంది. తన కంపెనీ సిమ్ము కాక
ఇంకేది పెట్టినా ఎర్రగా చూస్తుంది.

ఖోరోగ్ బజారులో తాళాలు విప్పడమే నా కూడు.
పదహారు అంకెలు కొట్టాను. దీపం పచ్చబడింది.
"ఇక ఇది మేకలాంటిది టీచరమ్మా,
ఏ ఆకైనా మేస్తుంది" అన్నాను.
మూడు సిమ్ములు అగ్గిపెట్టెలో దాచుకుని
జీపెక్కి పోయింది.

నెల తిరక్కుండా వచ్చింది, చలికి ముక్కు కందిపోయి.
మొదటిది రెండో మలుపులోనే చచ్చిపోతుందట.
రెండోదాన్ని జల్లెడలో కట్టి
ఆప్రికాట్ కొమ్మకు వేలాడదీస్తే
గాలి ఆగినప్పుడు ఒకే ఒక్క గీత.
మూడోదాని సంగతి ఎత్తొద్దంది.

"మరి పిల్లల మార్కులు ఎలా పంపావు?"

గొంతు తగ్గించింది.
రాత్రి పదింటికి, పాంజ్ నది అవతలి గట్టు టవరు
పిలవకుండానే వచ్చి కూర్చుందట,
అయిదు గీతలతో.
ఏడో తరగతి లెక్కలు వెళ్లేసరికి
సిమ్ములో డబ్బంతా ఒక్క గుక్కలో తాగేసిందట.

వంతెన లేదక్కడ.
కాపలా సైనికుడు చూస్తుండగా
నీళ్లలో చెయ్యి కడుక్కోవాలన్నా జంకే.
మా తాత చెల్లెలు అవతలే ఉండిపోయింది,
పేరు ఎవరికీ గుర్తులేదు.

సెట్టింగుల్లోకి వెళ్లి
రోమింగు ఆపేచోట వేలు పెట్టాను.

"ఉండనీ" అంది.
"సాయంత్రాలు అటు గట్టున ఒకావిడ
బకెట్టుతో దిగుతుంది.
ఒక్కోసారి చెయ్యెత్తి
గాలిలోకి ఏదో పట్టి చూస్తుంటుంది, నాలాగే."

డబ్బులు తీసుకోలేదు.
తీసుకున్నాను, సగం.