చాప అల్లిక

మొదటి సన్న సూది
నాలుగు కణాలు తెచ్చింది, దూది పింజల్లెక్క.
"తేలలే" అన్నది డాక్టర్ నుస్రత్.

కొత్తవాడల జంపఖానాలు నేసెటోణ్ని.
పింజను జూసి నేత జెప్పమంటే ఎట్ల మేడం,
ముక్క గావాలె!
ఆమె నవ్వి, గదే అన్నది.

మళ్ల గొంతులకెల్లి గొట్టం,
కడుపుగోడ అవతల క్లోమం.
ఈసారి వేరే సూది
పోగసొంటి ముక్క తెచ్చింది, తెగకుండ.

వారం రోజులు
క్యాన్సరన్న మాట
మా కనకలచ్చిమి నోట్లెనే నమిలింది,
నా పచ్చకండ్ల దిక్కు జూడకుండ.

అద్దాల కింద చూపిచ్చిండ్రు:
సుడులు సుడులు, చాప అల్లిక.
"నీ రక్తమే క్లోమాన్ని పగోడనుకున్నది.
కోతొద్దు. గోళీలు."

పడుగు నాదే, పేక నాదే,
నన్నడగకుండ ఎవరో లోపల నేసిండ్రు.
నేత మాత్రం, ఒట్టు,
బిగువుగనే ఉన్నది.