మూత మీద సుద్దగీత

రెండేళ్ళు గరిటె పట్టని చెయ్యి ఇది.
పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య
రోడ్డుకడ్డంగా వెదురుబొంగులు కట్టినప్పుడు
ఇటు పెళ్ళికి అటునుంచి వంటవాడు రాలేదు,
అటు తద్దినానికి ఇటునుంచి నెయ్యి పోలేదు.
నా గుండిగలు బోర్లించి
వాటి మీద వడియాలు ఎండబెట్టింది మా ఆవిడ.

తర్వాత జ్వరం వచ్చింది, పోయింది.
పోతూ పోతూ నా ముక్కు పట్టుకుపోయింది.
ఒక మధ్యాహ్నం ఇంగువ డబ్బా మూత తీసి
అరగంట కూర్చున్నాను.
ఏమీ లేదు.
తాళం వేసున్న ఇంటి ముందు నిలబడి
పేరు పెట్టి పిలిచినట్టు.

ఎవరికీ చెప్పలేదు.
వాసన తెలీని వంటవాణ్ణి
ఎవడు పిలుస్తాడు?
కూరలు తరిగే కుంతలకి మాత్రం చెప్పాను.
కరోనా వార్డు వంటగదిలో ఆరు నెలలు చేసిన పిల్ల,
నవ్వలేదు, జాలీ పడలేదు.
మర్నాడు తమ్ముడి పలక దగ్గర్నుంచి
సుద్దముక్క తెచ్చింది.
"దించిన టైము మూత మీద రాద్దాం మౌసా,
ముక్కు మరిచిపోయినా గడియారం మరిచిపోదు."

మొదటి పిలుపు బిసోయి గారింట్లో,
మనవరాలికి ఇరవై ఒకటో రోజు.
తండ్రి ఒడియా, తల్లి మనమ్మాయి,
అందుకని డాల్మా ఉండాలి, ముద్దపప్పూ ఉండాలి.
ఖిరి అన్నా పరమాన్నమన్నా
గుండిగ మాత్రం ఒకటే.

బిందెలో గ్లాసు ముంచుకోవడం మానిపించాం,
డ్రమ్ముకి కుళాయి పెట్టాం.
జామకొమ్మకి తాడు కట్టి సబ్బు వేలాడదీస్తే
పిల్లలు దాన్నే ఉయ్యాల ఊపారు.
అడ్డాకులు కడిగి తుడిచి ఎండలో పెట్టాం,
అన్నం గరిటె అన్నానిదే, పులుసు గరిటె పులుసుదే.
అన్నిటికన్నా కష్టం వడ్డన.
విస్తరి మీదకి వంగి
"నా మీదొట్టు, ఇంకొక్క ముద్ద" అని
ముప్ఫై ఏళ్ళు బతికిన నోరు నాది.
ఇప్పుడు గుడ్డ కట్టుకుని
కళ్ళతోనే బతిమాలాలి.
కళ్ళకి అంత వాడుక లేదు.

రెండో బంతిలో గోడవార చివరి చోటు
ఎప్పుడూ దాసు మాస్టారిది.
పులుసు మూడోసారి అడిగే మనిషి.
అక్కడ ఎవరూ కూర్చోలేదు,
ఎందుకని ఎవరూ అనలేదు.
చెయ్యి అలవాటున అక్కడ ఆగింది,
గరిటెలో పులుసు వణికింది,
ముందుకు కదిలాను.

మూడున్నరకి దిగారు కాశీనగర్ వాళ్ళు,
పదకొండు మంది, దారిలో బస్సు చెడిందట.
ఖిరి సగం గుండిగ మిగిలే ఉంది.
మూత మీద తొమ్మిదీ పది.
"పోసీ గవరయ్యా," అన్నారు బిసోయి గారు,
"ఏటౌద్ది? ఘుమఘుమలాడతంది గదా!"

వంగాను. ముక్కు పెట్టాను.
అదే తాళం, అదే ఇల్లు.
కుంతల వాసన చూసి, "భలొ అఛి" అంది,
అంటూనే మూత నావైపు తిప్పింది.
లోపల బాలింత ఉంది.
పది లీటర్ల పాలు.

పెరట్లో గొయ్యి తీసి ఒంపేశాను.
జీడిపప్పు తెల్లగా పైకి తేలి చూసింది.
బిసోయి గారి ముఖం చూడలేదు నేను,
పొయ్యిలోకి కట్టె ఎగదోశాను.
ఇరవై నిమిషాల్లో ఉప్మా.
కాశీనగర్ ముసలమ్మ ఒకావిడ
సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొచ్చి
ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది.
"అల్లం బాగా ఏసినావు బావూ.
జీలకర్ర మాడకుండా ఏగింది.
కరేపాకు ఇప్పుడే కోసినట్టుంది."
ఒక్కో మాటా వచ్చి
నా గుడ్డ వెనక చేరింది.
ఇంకా చెప్పమ్మా అనబోయి
మజ్జిగ పోశాను.

కూలిలో పాల డబ్బులు కోసుకున్నారు.
కోసుకోనీ.
గుండిగ తోముతుంటే తడిచెయ్యి తగిలి
తొమ్మిదీ పది చెరిగిపోయింది.
అడుగున మాకిద్దరికీ ఉప్మా మిగిలింది.
ఆకలి దంచేస్తోంది.
కుంతల మూత చూసింది,
గడియారం చూసింది,
"తినొచ్చు మౌసా" అంది.