తోడు

మల్కాపురంలో ఆరేసిన తెల్లచీర
సాయంత్రానికి బూడిదరంగు.
అమ్మ దులిపేది, తిట్టేది, మళ్ళీ ఆరేసేది.

ఇప్పుడు నాది రాత్రి డ్యూటీ.
పొగగొట్టం నుంచి పక్కకి లాగిన సన్నగొట్టం
గాజుపాత్రలోకి బుడగలు ఊదుతోంది.
లోపల కంటికానని మంద
ఆ పొగనే మేస్తోంది.

మూడుసార్లు చచ్చిపోయాయి.
నాలుగోసారి, బతికున్న చెంచాడు తీసి
కొత్తనీళ్ళలో కలిపాను,
పక్కింటి సన్యాసమ్మ దగ్గర
అమ్మ తోడు అడిగి తెచ్చినట్టే.

తెల్లారేసరికి మూత దగ్గర పులిసిన వాసన.
సీసా అడుగున రెండు వేళ్ళ ద్రావకం,
నీళ్ళలా తేటగా.
రంగుల కంపెనీవాళ్ళు కొంటారట దీన్ని.

యారాడ కొండ మీద పొద్దు పొడిచింది.
ఇంటికెళ్తే గుమ్మంలోనే అమ్మ:
"ఏటే, పేరుకుందా?"
"పేరుకుందమ్మా. పల్చగా."

ఆమె నవ్వలేదు.
దండెం మీది చీర దులుపుతూ,
"ఇంకో గరిటెడు తోడెయ్యవే" అంది.