సగం తిప్పిన కుళాయి

రాత్రి రెండింటికి మెలకువ.
ఎవరూ లేపలేదు.
భూగోళం పుస్తకంలో కిందికి జారే ఆ ఎర్రగీత
జారి జారి వచ్చి
నా పక్కటెముకల కింద ఆగింది.

గోడ అవతల గొర్రెల ఊపిరి.
వేళ్ళ మీద లెక్క పెడతాను:
నాకు ముప్పై ఏళ్ళొచ్చేసరికి
అలాయ్ కొండల నెత్తిన ఎంత తెలుపు మిగులుతుంది?
నలభైకి?
వేళ్ళు అయిపోతాయి. లెక్క తెగదు.

నాయనమ్మ అర్చా కొమ్మ కాల్చి
నా తల చుట్టూ పొగ తిప్పింది.
"దిష్టే ఐజిరెక్, పోతుందిలే."
పొగకి తుమ్ములొచ్చాయి.
గీత మాత్రం అక్కడే ఉంది.

నిరుడు మా వాగు
జూలైలోనే రాళ్ళు బయటపెట్టుకుంది.
ఏ నీటికి తోలాలో తెలీక
మామయ్య సగం మందని సంతకి తోలాడు.
నేను పాలపీకతో పెంచిన బోడిమేక కూడా ఆ లారీ ఎక్కింది.
వెనక్కి తిరిగి చూసిందని చెప్పను.
చూడలేదు.

చలికాలం సెలవుల్లో
మేం ఏడుగురం, తోకలా ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు,
పై ఊట నుంచి గొట్టం లాగాం.
ఎత్తు నుంచి దిగే నీటికి మోటారు అక్కర్లేదు.
కొసన నిలబెట్టిన ఇనప గొట్టంలోంచి
తనే ఎగిరి, గాల్లోనే గడ్డకట్టి
రాత్రికి రాత్రి తెల్ల గోపురమవుతుంది.
ఎండలు ముదిరే ముందు కరిగి మందకి నీళ్ళవుతుంది.
కాగితం మీద.

మొదటి రాత్రే గొట్టం పగిలింది.
టీకొట్టు దగ్గర పెద్దాళ్ళు
కల్పాక్ టోపీలు వెనక్కి తోసి మరీ నవ్వారు,
"మంచుకొండకే మంచు అప్పిస్తారట!"
నవ్వనివాడు ఎర్మెక్ తాత ఒక్కడే.
పగులు మీద బొటనవేలు పెట్టి చూశాడు.
"రాత్రి కుళాయి కట్టేశారు కదూ?
నీళ్ళు ఆగకూడదే పిల్లా.
సన్నగానైనా నడుస్తుంటే గొట్టం బతుకుతుంది.
ఆగిందా, లోపల్నించి చీలుతుంది."

ఆయన గొట్టం గురించే చెప్పాడు.
నేను మాత్రం ఇంటికెళ్ళేదాకా
గుండె మీంచి చెయ్యి తీయలేదు.

ఇవాళ ఫిబ్రవరి పద్దెనిమిది.
మా మంచుదిబ్బ, గోపురం అనడానికి సిగ్గు,
నా ఎత్తుకి మూడింతలు. కాస్త ఎడమకి ఒరిగింది.
కొండ ముందు గోరంత.
దీనివల్ల ఆ గీత వెంట్రుకవాసి కూడా పైకి లేవదు, తెలుసు.
నాలుగొందల గొర్రెలకి ఇరవై రోజుల నీళ్ళని
తాలాంత్ లెక్క. నా లెక్కలో పదిహేడు.
దానికోసం ఇద్దరం మంచులో నిలబడి పోట్లాడుకున్నాం.
భయపడాలని గుర్తొచ్చేసరికి
చీకటి పడిపోయింది.

రాత్రి రెండింటికి మళ్ళీ మెలకువ.
గీత ఉంది, తన చోటే.
బూట్లు తొడుక్కున్నాను.
ఈ వారం వంతు నాది.
కుళాయి సగం తిప్పి
గొట్టానికి చెవి ఆనించాను.

నడుస్తోంది.